వినేవాడి పాత్ర కూడా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రిటిష్ టీవీ హాస్య సీరియల్ ‘ఎస్, ప్రైమ్ మినిస్టర్’ చూసి, ఆ పద్ధతిలో నువ్వు రాసి పంపిన నాటకం చదివాను. సంభాషణ మీద నీకు మంచి పట్టుంది. అందుకే దాచకుండా చెబుతున్నాను, టీవీలో నవ్వించిన పంచ్‌లనే తిప్పి రాశావు. తెలిసిన డైలాగుకి చప్పట్లు కొడతారు గానీ నవ్వరు. రెండు గంటలు చప్పట్లతో నాటకం నడవదు.

మూలరచయితలు ఏం చేశారో గమనించు. ఆంటొనీ జే, జొనథన్ లిన్ 1980లో బీబీసీకి ‘ఎస్ మినిస్టర్’ మొదలుపెట్టి, జిమ్ హ్యాకర్ అనే పాత్రని మంత్రి నుంచి ప్రధాని దాకా తీసుకెళ్లి, 1988లో ఆపారు. 2010లో దాన్ని స్టేజీకి తెచ్చేటప్పుడు జనానికి కంఠతా వచ్చిన ఎపిసోడ్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. అయినా కొత్త కథ రాశారు. లిన్ దర్శకత్వంలో చిచెస్టర్‌లో మొదలైన ఆ నాటకం అదే ఏడాది లండన్ గీల్‌గుడ్ థియేటర్‌కి వెళ్లింది. టీవీలో హ్యాకర్‌గా వేసిన పాల్ ఎడింగ్టన్, అతని పెద్ద అధికారి సర్ హంఫ్రీగా వేసిన నైజెల్ హాథార్న్ ఇద్దరూ అప్పటికి పోయారు. హ్యాకర్‌గా డేవిడ్ హేగ్, సర్ హంఫ్రీగా హెన్రీ గుడ్‌మన్ వేశారు. పాత నటుల గొంతుతో తప్ప పలకలేని మాటలు రాసి ఉంటే వాళ్లిద్దరూ ఏం చేయగలిగేవారు?

నీకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ కథ కట్టిన తీరు. టీవీలో హంఫ్రీ ఆయుధం వాయిదా. కమిటీ వేస్తాడు, నివేదిక అడుగుతాడు, ఫైలు తిప్పుతాడు, ఈలోగా మంత్రి ఉత్సాహం చల్లారిపోతుంది. నాటకంలో రచయితలు ఆ ఆయుధాన్నే లాగేసుకున్నారు. ప్రధాని విడిది చెకర్స్‌లో ఒక వారాంతం. దేశం అప్పుల్లో ఉంది. కుమ్రానిస్తాన్ అనే ఊహాదేశం చమురు పైప్‌లైన్ ఒప్పందం మీద భారీ అప్పు ఇస్తానంటుంది. అక్కడి విదేశాంగ మంత్రి ఆ రాత్రికే ఒక నీచమైన కోరిక కోరతాడు. అప్పు వదులుకోలేరు, ఆ కోరిక తీర్చలేరు, కమిటీ వేసే టైమ్ లేదు. అంత తెలివైన హంఫ్రీకి కూడా చెమట్లు పడతాయి. నీ నాటకంలో సెక్రటరీకి ఆర్నెల్ల గడువిచ్చావు. ఇక అతనికి టెన్షన్ ఎందుకుంటుంది? తెల్లారేలోపు తేలాల్సిన పని ఒకటి వెతుకు.

ఇంకో సంగతి. ప్రధాని సలహాదారు క్లేర్ సటన్‌ని ఆ నాటకంలో ఆటకి నడిమధ్యలో నిలబెట్టారు. టీవీలోనూ డొరొతీ వెయిన్‌రైట్ అనే సలహాదారు ఉంది, కానీ 2010 నాటికి అలాంటి వాళ్ల పలుకుబడి బాగా పెరిగింది. పెత్తనం చేతులు మారితే పాత్రల బరువు కూడా మారాలి. నువ్వు రాసిన ఆఫీసులో సెల్‌ఫోనే మోగలేదు.

హంఫ్రీ గుక్కతిప్పుకోని వాక్యాలంటే నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది, నాకూ ఇష్టమే. టీవీలో అతను మాట్లాడుతుంటే కెమెరా హ్యాకర్ ముఖం మీదికి వెళ్లి, అర్థంకాని ఆ చూపుని దగ్గరగా చూపిస్తుంది. వెనక వరుసలో కూర్చున్నవాడికి ఆ కళ్లు కనిపించవు. అందుకే వినేవాడి పాత్ర కూడా రాయి. మంత్రి కుర్చీలోంచి లేవాలి, అడ్డుపడబోయి ఆగాలి, అర్థమైనట్టు తలాడించి బెర్నార్డ్ లాంటి ప్రైవేట్ సెక్రటరీ వైపు తిరగాలి. నీ స్క్రిప్టులో సెక్రటరీ అర పేజీ మాట్లాడుతుంటే మంత్రి ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క లేదు.

ముందు రెండో అంకం మార్చు. కొత్త గడువు పెట్టి ఆ ఒక్క అంకం పంపు, మొదటిదాన్ని ఇప్పుడే ముట్టుకోకు.

మీ మాస్టారు