కార్బురేటర్ కారుతుంటే ముందు తడి ఎక్కడుందో చూడు

అల్లుడూ,

ప్రీమియర్ పద్మిని కారు బోనెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటున్నదని, మిస్త్రీ కార్బురేటరే మార్చమంటున్నడని రాసినవ్. మార్చకు. ఆ సొలెక్స్ కంపెనీ కార్బురేటర్ బాడీ అంత తొందరగ చెడదు, చెడేది లోపలి చిన్న సామాను. ఏది చెడిందో తడి ఉన్న చోటే చెప్తది.

ముందు బండి చల్లారనియ్యి. బ్యాటరీ నెగటివ్ వైరు తియ్యి. నీడకని షెడ్డు తలుపు మూసి చెయ్యకు, పెట్రోల్ ఆవిరి కిందికి దిగి నేల పట్టుకునే ఉంటది. బీడీ, అగరుబత్తి, పక్కన వెల్డింగ్ ఏదీ వద్దు. ఒక బకెట్ ఇసుక దగ్గర పెట్టుకో.

కార్బురేటర్‌ను బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, బయట పల్చగ టాల్కం పౌడర్ చల్లు. ముగ్గుపిండి వాడకు, అండ్ల గరుకు ఉంటది. బ్యాటరీ వైరు మళ్ల తగిలించి, కాయిల్ వైరు పీకి, స్టార్టర్‌తో కొద్దిసేపు తిప్పు. పౌడర్ ఎక్కడ ముందు నల్లబడ్డదో అక్కడే జాడ. ఆ తర్వాత బ్యాటరీ వైరు మళ్ల తీసెయ్యి.

పైపు తగిలే బోల్టు దగ్గర తడి అయితే వాషర్లు పోయినట్టు, రెండు వైపులా కొత్తవి వేస్తే అయిపోతది. కార్బురేటర్ పక్కనుండే యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రం (పల్చటి పొర) మూత అంచున తడి అంటే డయాఫ్రం చిరిగింది. కొత్తది బిగించేటప్పుడు ఆ పంప్ లివర్‌ను సగం నొక్కిపట్టి స్క్రూలు బిగించు, లేకుంటే డయాఫ్రం గుంజుకొని తొందరగ చిరుగుతది.

యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ, అదే థ్రాటిల్ షాఫ్ట్, దాని చివరన తడి ఉంటే మటుకు షాఫ్ట్‌ను తిట్టకు. పైన పెట్రోల్ నిలిచే గిన్నె పొంగి, పెట్రోల్ కార్బురేటర్ గాలి గొంతులకు దిగి, అక్కడినుంచి బయటికొస్తది. పై మూత కింద నుంచి కారేది కూడా చాలాసార్లు గాస్కెట్ తప్పు కాదు, పొంగే. నాకు తెలిసినంతల ఎక్కువ కేసులు ఇవే. అందుకే ఎక్కువగ గిన్నెల తేలే ఫ్లోట్, అది పైకి లేస్తే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్, వీటి మీదనే రాస్తున్న.

మూత తీసేముందు ఫ్లోట్ లివర్ ఎటు పైకి ఉందో ఫోన్ల ఫొటో తియ్యి, తిరగేసి పెడితే లెవల్ మొత్తం తప్పుతది. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపు. లోపల చప్పుడయితే పెట్రోల్ చేరింది, బరువెక్కి పైకి లేవదు, నీడిల్ మూసుకోదు. అనుమానముంటే, స్టవ్‌కు దూరంగ తెచ్చిన వేడినీళ్లల్ల ముంచు, బుడగ వచ్చిన చోటే రంధ్రం. టంకం వేయిద్దామనుకుంటవేమో, లోపల చుక్క పెట్రోల్ ఉన్నా పేలుతది. టంకం బరువుకు లెవల్ కూడా మారుతది. కొత్తదే వెయ్యి.

నీడిల్ మొనను వెలుతురుకు పట్టి గోరుతో గీకి చూడు. చుట్టూ గీత తగిలితే అరిగిందన్నట్టు. అది కూర్చునే సీటుతో కలిపి జతగ మార్చాలె. సీటు మీద ఉన్న నంబర్‌దే కొను. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల అడిగితే దొరుకుతయి గానీ, ‘‘ఇదీ సరిపోతదన్న’’ అని పెద్ద రంధ్రం ఉన్నది చేతుల పెడ్తరు. రంధ్రం పెద్దదయితే ట్యాంకు నుంచి పెట్రోల్ గుంజే పంప్ ఒత్తిడి నీడిల్‌ను ఎక్కువ తోస్తది, మళ్ల పొంగుడే. సీటు కింద వాషర్ పారేయకు. దాని మందమే పెట్రోల్ లెవల్‌ను ఆపుతది. మందం పెరిగితే లెవల్ దిగుతది, తగ్గితే ఎక్కుతది. పాతదాని మందం కొలిచి అదే వెయ్యి.

ఒక్కోసారి ఏదీ అరగదు, ట్యాంకులోని తుప్పు రవ్వ నీడిల్ కింద ఇరుక్కుంటది. ఎక్కువ రోజులు నిలబెట్టిన బండ్లకు ఇదే రోగం. ట్యాంకు కడిగించు, పంప్‌కు ముందు ఫిల్టర్ వెయ్యి. జెట్లను, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రాల బిళ్లలను, ఇనుప తీగతో పొడవకు, రంధ్రం పెద్దదయితది, గాలి కొట్టు.

మూత సమంగ ఉందో లేదో అద్దం పలక మీద పెట్టి చూడు. వంకర ఉంటే 400 నంబర్ ఎమరీ కాగితం అద్దం మీద పరచి నెమ్మదిగ రుద్దు. కొత్త గాస్కెట్ పొడిగనే పెట్టు. సిలికాన్, ఎంసీల్ పూసినవంటే పెట్రోల్‌కు నాని ముక్కలై జెట్లల్ల చేరుతది. స్క్రూలను ఎదురెదురుగ కొద్దికొద్దిగ బిగించు. బలం పెట్టి బిగించినందుకే మూతలు వంకరపోయేది.

రబ్బర్ పైపులు కూడా చూడు. ఇప్పుడు బంకుల పోసే పెట్రోల్‌ల 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది, పాత రబ్బరు ఉబ్బి, తర్వాత పగుళ్లిస్తది. వంచి చూస్తే పగుళ్లు కనబడితే మార్చు. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యూయల్ హోస్ అడుగు. నీళ్ల పైపు తెచ్చి తగిలించినవంటే వారంల మళ్ల అదే పని.

ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. ఆయిల్ పల్చబడి పెట్రోల్ కంపు కొడితే స్టార్ట్ చేయకు, ఆయిల్ మార్చు. పొంగిన పెట్రోల్ సిలిండర్ల నుంచి దిగిందో, పెట్రోల్ పంప్ డయాఫ్రం చిరిగిందో, ఆ రెండూ చూడాలె.

అన్నీ బిగించినంక పది నిమిషాలు ఐడిల్‌ల ఉంచి, ఆపి, పావుగంటకు మళ్ల చూడు. మన నల్గొండ ఎండాకాలంల వేడిగ ఆపినప్పుడు గిన్నెల పెట్రోల్ మరిగి, కొంచెం వాసన వస్తది. అది లీక్ కాదు, కార్బురేటర్ కింద వేడి ఆపే దిమ్మె ఉందో లేదో మటుకు చూస్కో.

నీ మామ