మేనల్లుడికి: బీఎంఎక్స్ క్రాంకు కొనే ముందు, బిగించేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి, ఫ్లోరిడాలోని టాంపా నుంచి మామయ్య ఆశీస్సులు.

దూకుళ్లకు, విన్యాసాలకు వాడే నీ చిన్న చక్రాల బీఎంఎక్స్ సైకిలు గురించి నువ్వు పంపిన ఫోటోలను నిన్న రాత్రి కంప్యూటరు మీద పెద్దవి చేసి చూశాను. ఎడమవైపు క్రాంకు ఆర్మ్‌లో (పెడలును పట్టుకునే చేయిలో), రెండు ఆర్మ్‌లనూ కలిపే స్పిండిల్ అనే ఇరుసు దూరే రంధ్రం చుట్టూ ఉండవలసిన సన్నని పళ్లు సగానికి పైగా అరిగిపోయాయి. ఇనుప పొడి గ్రీజుతో కలిసి కాటుకలా అంటుకుని ఉంది. “దీనికన్నా గట్టిది ఏది కొనమంటావు మామయ్యా” అని అడిగావు. చెబుతాను గానీ, ముందు ఒక సంగతి తెలుసుకో. నీ క్రాంకు బలం చాలక పోలేదు, వదులై పోయింది. ఆర్మ్ ఎక్కడా వంగలేదు, వెల్డింగు దగ్గర చీలిక లేదు. వదులైన ఆర్మ్‌తో కొన్నాళ్లు తొక్కావు కాబట్టి పళ్లు ఒకదాన్నొకటి తినేశాయి. నాలుగింతల ఖరీదు పెట్టి కొన్నదాన్ని కూడా అలాగే తొక్కితే దానికీ అదే గతి పడుతుంది.

తెనాలిలో మీ తాతయ్య సైకిలు క్రాంకుకు, ఆర్మ్‌ను ఇరుసుకు బిగించే కాటరు పిన్ను ఉండేది. పిన్ను కాస్త వదులైతే పెడలు పైనుంచి కిందికి దిగేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి ‘టక్’ మనేది. ఆ చప్పుడు వినగానే షాపుకు తీసుకువెళితే రెండు సుత్తి దెబ్బలతోనూ నట్టు బిగింపుతోనూ పని అయిపోయేది. రేపు చూద్దాంలే అని తొక్కితే పిన్ను నలిగి, దాని గాడి కూడా పాడై, కొత్త పిన్ను వేసినా నిలిచేది కాదు. నీ సైకిలు క్రాంకులో పిన్ను లేకపోయినా, జరిగింది మాత్రం అదే.

బీఎంఎక్స్ క్రాంకు మీద బరువు ఎలా పడుతుందో తెలిస్తే ఎంపిక సులభమవుతుంది. గాలిలోంచి కిందికి దిగేటప్పుడు పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా, ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటాయి. రెండు పాదాలూ కిందికే నొక్కుతాయి కాబట్టి ముందున్న ఆర్మ్ స్పిండిల్‌ను ఒకవైపు తిప్పుతుంది, వెనకున్నది రెండోవైపు తిప్పుతుంది. ఇద్దరు నిలబడి తడి దుప్పటి పిండుతున్నట్టు ఉంటుంది స్పిండిల్ పరిస్థితి. నీ బరువు 70 కిలోలనుకుని, దిగే క్షణంలో దానికి మూడింతలు పడిందనుకుంటే, ఒక్కొక్క పాదం కింద 105 కిలోలు. 175 మిల్లీమీటర్ల ఆర్మ్ మీద అది సుమారు 180 న్యూటన్ మీటర్ల మెలిక. కారు చక్రం నట్టుకు మనం వేసే బిగింపుకన్నా ఎక్కువైన ఈ మెలికంతా ఆర్మ్‌కూ స్పిండిల్‌కూ మధ్య ఉన్న పళ్ల మీదే పడుతుంది. అందుకే క్రాంకు కొనేటప్పుడు ఆర్మ్ ఎంత లావుగా ఉందో చూసే ముందు ఆ అతుకు ఎలా ఉందో చూడమంటాను.

పిల్లల సైకిళ్లలోనూ చవక బీఎంఎక్స్‌లలోనూ రెండు ఆర్మ్‌లూ స్పిండిల్‌తో కలిసి ఒకే కడ్డీని వంచినట్టు ఉండే క్రాంకు వస్తుంది. ఒహాయో రాష్ట్రంలో దాన్ని తయారుచేసిన ఊరి పేరు మీద దాన్ని ఇక్కడ అష్టబ్యూలా అంటారు. అతుకే లేదు కాబట్టి వదులయ్యే గొడవ ఉండదు గానీ, అది పెద్ద దూకుళ్లకు వంగుతుంది. 1980 ప్రాంతంలో గొట్టాలతో చేసిన మూడు ముక్కల క్రాంకులు వచ్చిన తరువాత గట్టిగా తొక్కేవాళ్లలో చాలామంది వాటికే మారారు. మా పక్క ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ప్రొఫైల్ రేసింగ్ కంపెనీ రేసు కార్ల ఛాసిస్‌లతో మొదలై ఈ క్రాంకుల్లోకి వచ్చింది. వాళ్ల 48 పళ్ల స్పిండిల్ పద్ధతినే తరువాత ఎందరో అనుసరించారు. పొరుగువాళ్లని పొగుడుతున్నానని అనుకోకు, ఆ పద్ధతిలో చేసిన ఇతర కంపెనీల క్రాంకులు కూడా నా గ్యారేజీలో ఏళ్ల తరబడి నిలిచాయి.

నువ్వు తొక్కేది స్కేట్ పార్కులోనూ వీధి మెట్ల మీదా కనుక నీకు 4130 క్రోమోలీ ఉక్కు గొట్టాలతో చేసి, హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చిన ఆర్మ్‌లే కావాలి. సుమారు 1 శాతం క్రోమియం, దానితో కాస్త మాలిబ్డినం ఉండే ఆ ఉక్కు దెబ్బ తిన్నప్పుడు ముందు వంగి హెచ్చరిస్తుంది, ఉన్నపళంగా విరిగి కాలిని గాయపరచడం అరుదు. రేసుల్లో వాడే అల్యూమినియం క్రాంకులు తేలికగా, అందంగా ఉంటాయి గానీ, కాంక్రీటు అంచుల మీద రాసుకునే నీలాంటివాడికి అవి తగవు. టైటానియం స్పిండిల్ సంగతి ఇప్పుడు వద్దు. వంద గ్రాముల కోసం నీ జీతం పారేయకు.

స్పిండిల్ వ్యాసం 19, 22, 24 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. లావైన గొట్టం అదే బరువులో మెలికకు ఎక్కువ తట్టుకుంటుంది కాబట్టి కొత్తగా కొనేవాడివి 22 తీసుకో. మా అబ్బాయి 19 మీదే పదేళ్లు తొక్కాడన్నది కూడా నిజమే. ఆర్మ్ పొడవు 170 గానీ 175 గానీ చాలు. ఆర్మ్ బిగింపులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో స్పిండిల్ చివరి బోల్టు ఆర్మ్‌ను పళ్ల మీదికి నొక్కి పట్టుకుంటుంది. రెండోదానిలో ఆర్మ్‌కు చీలిక ఉండి, అడ్డంగా వేసిన పించ్ బోల్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. విప్పి బిగించడం అలవాటు లేని నీకు పించ్ బోల్టుదే మేలు. దాన్ని వేయడానికి సుత్తి అక్కరలేదు, వదులైతే వెంటనే తెలుస్తుంది. పాతది చవకగా వస్తోందని ఎవరైనా అంటే, పెయింటు మళ్లీ వేసిన క్రాంకును మాత్రం ముట్టుకోకు. ఆ పెయింటు కింద ఏముందో అమ్మేవాడికి తెలుసు, నీకు తెలియదు.

ఆర్డరు పెట్టే ముందు ఫ్రేములో స్పిండిల్, బేరింగులు కూర్చునే గొట్టం (బాటమ్ బ్రాకెట్ షెల్) లోపలి వ్యాసాన్ని కాలిపర్‌తో కొలువు. 41 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తే అది మిడ్, ఈ రోజుల్లో ఫ్రీస్టైల్ ఫ్రేములు ఎక్కువగా ఇవే. 51 పైన వస్తే అమెరికన్, 37 వస్తే స్పానిష్, లోపల మరలుంటే యూరో. బేరింగు బయటి కొలత షెల్‌కూ, లోపలి కొలత స్పిండిల్‌కూ సరిపోవాలి. చైను తిరిగే పళ్ల చక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, మధ్య రంధ్రం సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక సన్న స్పిండిల్‌కు అడాప్టరు రింగు కావాలి. అది స్ప్రాకెట్‌తో వచ్చిందో లేదో పెట్టె విప్పగానే చూసుకో.

ఇక బిగింపు. షెల్ లోపల పాత గ్రీజు, పెయింటు చుక్కలు గుడ్డతో శుభ్రంగా తుడిచి పలుచగా కొత్త గ్రీజు పూయి. బేరింగులను గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచితే వెంట్రుకవాసి కుంచించుకుని సులువుగా దిగుతాయి. బేరింగు బయటి అంచు మీద మాత్రమే నొక్కాలి. పొడవైన మరల కడ్డీ, రెండు నట్లు, రెండు వెడల్పు వాషర్లు ఉంటే అదే ప్రెస్సు. నేను మొదటిసారి చేసినప్పుడు ఓపిక లేక సుత్తితో లోపలి అంచు మీద కొట్టాను. బేరింగు ఏటవాలుగా దిగింది, నెల తిరగకుండా చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు వినిపించింది. ఒక బేరింగు దిగాక మధ్య గొట్టం స్పేసరు పెట్టి, ఆ తరువాతే రెండోది దించు. ఆ గొట్టం మరచిపోతే బోల్టు బిగించే కొద్దీ బేరింగుల లోపలి అంచులు ఒకదానివైపు ఒకటి లాగబడి క్రాంకు తిరగనని మొరాయిస్తుంది. అప్పుడు అందరూ బేరింగును తిడతారు.

స్పిండిల్ దూర్చి, స్ప్రాకెట్ వైపు ఆర్మ్ వేసి, స్ప్రాకెట్‌ను దాని బోల్టుతో ఆర్మ్‌కు కలుపు. ఆ వైపు స్పేసర్లను మారుస్తూ, వెనక నిలబడి చైను స్ప్రాకెట్ నుంచి వెనక చక్రం హబ్ పళ్ల వరకు సూటిగా పోతోందా అని ఒక కన్ను మూసి చూడు. స్ప్లైన్ల (స్పిండిల్ పళ్ల) మీద పలుచగా గ్రీజు రాయడం మరవకు, లేకపోతే కిర్రుకిర్రుమని చప్పుడు వస్తూనే ఉంటుంది. రెండో ఆర్మ్ సరిగ్గా ఎదురుగా ఉండాలి. 48 పళ్లలో ఒక్క పన్ను తప్పితే 7.5 డిగ్రీలు, అంటే పెడలు దగ్గర దాదాపు 23 మిల్లీమీటర్ల తేడా. కంటికి వెంటనే కనబడుతుంది, కనబడకపోతే తొక్కేటప్పుడు మోకాలికి తెలుస్తుంది.

నువ్వు బోల్టుతో నొక్కే రకమే కొన్నావనుకో, ఆర్మ్‌ను మొత్తం బోల్టుతోనే లాగవద్దు. మరలు పోతాయి. స్పిండిల్ రెండో చివరను చెక్క దిమ్మ మీద ఆనించి రబ్బరు సుత్తితో ఆర్మ్‌ను సగం దించి, మిగతాది బోల్టుతో లాగు. చెక్క ఆనకం లేకుండా కొడితే ఆ దెబ్బ బేరింగులకు తగులుతుంది. పించ్ బోల్టు రకమైతే స్పిండిల్ చివర ఉండే బోల్టును పక్క ఊగిసలాట పోయేంత వరకే తిప్పాలి, దానితో బలం చూపించకూడదు. ఆపైన పించ్ బోల్టులు బిగించు. రెండుంటే వాటిని కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. ఎంత బిగింపు అన్నది కంపెనీ కాగితంలో ఉంటుంది. బిగింపును కొలిచే టార్క్ రెంచి మీ ఆఫీసు మిత్రుల్లో ఎవరి దగ్గరో ఉంటుంది, అడుగు.

పెడళ్ల మర 9/16 అంగుళం ఉన్నవే పడతాయి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితే బిగుసుకుంటుంది. మొదటి మూడు చుట్లు వేళ్లతోనే తిప్పు. వేళ్లతో తిరగకపోతే మర తప్పింది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు.

చైను వేయక ముందు క్రాంకును ఒకసారి తోసి చూడు, స్వేచ్ఛగా తిరగాలి. ఆర్మ్ చివర పట్టుకుని పక్కకు ఊపితే కదలిక ఉండకూడదు. ఇంతటితో అయిపోయిందని అనుకోవద్దు. కొత్త పళ్లు తొక్కిన కొద్దీ సర్దుకుని, మొదటి రోజు గట్టిగా బిగించినది రెండో రోజుకు కాస్త వదులవుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఓల్డ్స్‌మార్ ట్రాక్‌లో మా అబ్బాయికి ముందు రాత్రే కొత్త క్రాంకు బిగించి, పొద్దున మళ్లీ చూడకుండా రేసు మొదలయ్యే గేటు మీదికి పంపాను. రెండో మలుపులో ‘టక్’ మంది. వాడు ఆపకుండా గీత దాకా తొక్కాడు. ఇంటికొచ్చి విప్పితే నీ ఫోటోలో ఉన్న నల్ల పొడే ఉంది, ఒక్క ఉదయం పాతది. తప్పు నాది, క్రాంకుది కాదు. అప్పటినుంచి మొదటి గంట తొక్కాక ఒకసారి, మరుసటి రోజు ఒకసారి, వారానికి ఒకసారి అలెన్ కీ పెట్టి చూడడం నాకు అలవాటైంది. నీ బ్యాగులో ఆ అలెన్ కీ ఎప్పుడూ ఉండాలి. మెట్ల మీదినుంచి గట్టిగా పడిన రోజున పెడలు దగ్గరి వెల్డింగును గుడ్డతో తుడిచి, పెయింటులో వెంట్రుకంత తుప్పు గీత ఉందేమో చూడు. ఉంటే ఆ ఆర్మ్‌ను ఇక తొక్కకు.

నీ పాత స్పిండిల్‌ను పారేయకుండా ఉంచు. దాని పళ్లు బాగుంటే అదే కంపెనీ ఎడమ ఆర్మ్ ఒక్కటి తెప్పించుకోవచ్చు, కుడివైపుది విప్పనవసరమే ఉండదు. రేపు సాయంత్రం స్పిండిల్ ఎడమ చివర పళ్లను, షెల్ లోపలి కొలతను ఫోటో తీసి పంపు. అవి చూసేదాకా ఏదీ ఆర్డరు పెట్టకు.

మీ మామయ్య