రాగి పెనం కొనే ముందు, అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ‘మొదటి జీతంతో గాజులు చేయించుకోవే అంటే రాగి పెనం కొనుక్కుంటానంటోంది, అదీ గుడ్డట్టు వేసుకోవడానికట! నువ్వైనా చెప్పక్కా’ అని వాపోయింది. సరే చెబుతానన్నాను. అయితే నేను చెప్పబోయేది మీ అమ్మ ఆశపడ్డ మాట కాదు. గాజులు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఒసాకాలో ఒక్కదానివే ఉంటూ, ఉద్యోగం నుంచి వచ్చాక ఓపిగ్గా గుడ్లు గిలక్కొట్టుకుని తమగోయాకి, అదే జపాన్ వాళ్ల గుడ్డట్టు చుట్ట, చుట్టడం నేర్చుకుంటున్నావని వినగానే నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెనకే భయం కూడా పట్టుకుంది. అలాంటి పెనంతోనే నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

అంతకన్నా ముందు, నీ గదిలో ఉన్నది గ్యాస్ పొయ్యా, కరెంటు పొయ్యా? అక్కడి చిన్న చిన్న అపార్ట్‌మెంట్లలో ఇండక్షన్ పొయ్యిలు కూడా బిగిస్తుంటారు. మామూలు ఇండక్షన్ పొయ్యి మీద రాగి వేడెక్కదు. అన్ని లోహాలకూ పనికొచ్చే రకం ఒకటి ఉంది కానీ, అద్దె గదుల్లో అది ఉంటుందని ఆశపెట్టుకోకు. ఈ ఒక్క సంగతి తేలకుండా డబ్బు కట్టవద్దు.

గ్యాసే అయితే ఇక ఆకారం. టోక్యో వైపు పెనం చదరంగా ఉంటుంది, పైన చెక్క మూత వస్తుంది. అక్కడి వాళ్లు చక్కెర బాగా వేసి, మందంగా, పైన ఎర్రగా కాలేలా చేసుకుంటారు. మీ ఒసాకా, క్యోటో వైపు పెనం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాషి నీళ్లు, అంటే ఎండు చేపతోనో సముద్రపు నాచుతోనో తీసిన రసం, ఎక్కువ పోసి, ఎర్రబడనివ్వకుండా, వేలితో నొక్కితే నీరు ఊరేంత మెత్తగా చుట్టుకునే దాషిమాకి కోసం చేసిన ఆకారం అది. నువ్వు ఉన్నది ఒసాకాలో, నేర్చుకుంటున్నది దాషిమాకి. కాబట్టి పొడుగుదే తీసుకో. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, పదహారు పొడవు ఉంటే మూడు గుడ్లకు సరిగ్గా సరిపోతుంది. పెద్దదైతే పలచగా పరుచుకుని నిన్ను ఏడిపిస్తుంది.

కొట్లో చేత్తో పట్టుకుని చూడనిదే కొనకు. చేతికి బరువు తెలియాలి. బల్ల మీద పెడితే నాలుగు మూలలూ ఆనాలి. పిడి ఊగకూడదు. లోపలి వైపు వెలుగుకు పట్టి చూడు. అక్కడ రాగి రంగు కనిపించదు, వెండిలా తెల్లగా ఒక పూత ఉంటుంది. ఆ పూత ఎక్కడా తెగకుండా మూలల దాకా పోయిందో లేదో వేలితో తడిమి చూడు.

ఆ పూత దగ్గరే నేను దెబ్బతిన్నాను.

2001లో మీ పెదనాన్నకు టోక్యోలో ఉద్యోగం వచ్చి నిషి కసాయ్‌లో కాపురం పెట్టాం. ఇప్పుడంటే అక్కడ సందుకో మనవాడు కనిపిస్తాడు కానీ, అప్పుడప్పుడే మనవాళ్లు రావడం మొదలైంది. పక్క ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ పుట్టిల్లు ఒసాకా. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నా భాష రాదు. పొద్దున్నే బట్టలు ఆరేసుకుంటూ బాల్కనీల్లోంచి నవ్వుకునేవాళ్లం. మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు నాకు ఏదీ ఇమిడేది కాదు. ఆవిడ ఒకరోజు చిన్న పళ్లెంలో నాలుగు ముక్కలు పెట్టి తెచ్చింది. పసుపుపచ్చగా, వెచ్చగా, పట్టుకుంటే వణుకుతూ. రెండు నెలల తర్వాత కడుపులో నిలిచిన మొదటి తిండి అది. ఆ తర్వాత రోజూ తెచ్చేది. తర్వాత నా చేయి పట్టుకుని మరీ నేర్పింది. బిడ్డ పుట్టిన నెలకు, తాను ముప్పై ఏళ్లు వాడిన రాగి పెనాన్ని గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టింది.

పదిహేను రోజులు కాకుండానే దాన్ని పాడుచేశాను.

మన చేతికి దోసెల పెనం అలవాటు కదా. ఇనప పెనం పొయ్యి మీద పెట్టి, బాగా కాలనిచ్చి, పొగ వచ్చేటప్పుడు నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని ఎగరాలి. అప్పుడు ఉల్లిపాయ చెక్కతో రుద్ది పిండి పోస్తాం. ఆ రోజు గుడ్డు కాస్త అంటుకుంటోందని, పెనం కాలలేదనుకుని, నూనె చుక్క లేకుండా పెద్ద మంట మీద పెట్టాను. లోపల పిల్లవాడు ఏడ్చాడు. ఎత్తుకుని వచ్చేసరికి ఎంతసేపైందో తెలియదు. పెనంలో వెండి రంగు పూత ముడతలు పడి, చెమట పట్టినట్టు చిన్న చిన్న చుక్కలై, కదిపితే పాదరసంలా మూలలకు జారింది. కంగారులో తడి గుడ్డతో తుడిచాను. గుడ్డకు వెండి అంటుకుని వచ్చేసింది, అడుగున ఎర్రటి రాగి బయటపడింది. గుండె ఆగినంత పనైంది.

చిన్నప్పుడు మన వీధిలోకి కళాయి పోసేవాడు వచ్చేవాడు. నీకు తెలియదులే, మీ అమ్మను అడుగు. అరుగు పక్కన గొయ్యి తవ్వి బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గిన్నెను కాల్చేవాడు. నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే నల్లటి గిన్నె లోపల వెన్నెల పరుచుకునేది. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కుతుందని, తింటే వాంతులవుతాయని మా అమ్మమ్మ గిన్నెలన్నీ తిరగేసి చూసేది. అంత చూసి పెరిగిన దాన్ని, జపాన్ పెనం లోపల ఉన్నది కూడా ఆ కళాయేనని గుర్తుపట్టలేకపోయాను. అదీ తగరమే. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, రాగి కరగాలంటే వెయ్యి దాటాలి. ఖాళీ పెనం పెద్ద మంట మీద ఉంటే 232 దాటడానికి ఎంతోసేపు పట్టదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సిగ్గుతో ఆ పెనాన్ని బట్టల పెట్టె అడుగున దాచేశాను. ఆవిడ బాల్కనీలోంచి ‘తమగోయాకి?’ అని అడిగితే నవ్వి తల ఊపేదాన్ని. నాన్‌స్టిక్ పెనంలో చేసి, ముక్కలు కోసి, ఆవిడ ఇచ్చిన దాంట్లోనే చేశానన్నట్టు పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. ఆవిడ ఒక ముక్క పైకెత్తి, అంచు కేసి కాసేపు చూసి, ఏమీ అనకుండా తినేది. ముప్పై ఏళ్లు చుట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా అమ్ములూ? ఆ వసంతంలో ఆవిడ కొడుకు దగ్గర ఉండటానికి నగోయా వెళ్లిపోయింది. లారీ ఎక్కబోతూ నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడైనా నోరు తెరవలేదు.

మరుసటి సంవత్సరం గిన్నెలు కొనడానికి కప్పాబాషి వెళ్లాను. ఉయెనోకు, అసకుసాకు మధ్య వీధి పొడుగునా వంటసామాను కొట్లే, ఒక మేడ నెత్తిన పెద్ద వంటవాడి తలకాయ బొమ్మ ఉంటుంది. అక్కడ ఒక కొట్లో పాత రాగి పెనాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఏమిటని సైగ చేస్తే, కళాయి మళ్లీ వేయించడానికి వచ్చినవని కొట్టతను బొమ్మ గీసి చూపించాడు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. బాగుచేయడానికి దారి ఉన్న వస్తువును ఏడాదిపాటు చీకట్లో పెట్టాను. వారంలో తీసుకెళ్లి ఇచ్చాను. మళ్లీ తెల్లగా మెరుస్తూ తిరిగొచ్చింది. చూపించడానికి పక్కింట్లో ఆవిడ లేదు.

అందుకే చెబుతున్నాను, ఆ పెనం నీ చేతిలో పాడైతే ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే. తిట్టను.

ఇంకో మాట. నువ్వున్న జపాన్‌లో గ్యాస్ పొయ్యిలకు 2008 నుంచి మధ్యలో ఒక సెన్సారు పెడుతున్నారు, మరీ వేడెక్కితే మంట తగ్గిస్తుంది. అది ఉందిలే అని ధైర్యంగా ఉండకు. నూనెకు నిప్పు అంటుకోకుండా ఆపడానికి పెట్టినది అది, 250 డిగ్రీల దాకా ఊరుకుంటుంది. నీ కళాయి అప్పటికే కరిగిపోయి ఉంటుంది. పెనం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఈ విషయంలో నా మాట దాటావంటే ఊరుకోను.

తెచ్చిన రోజు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, సగానికి పైగా నూనె పోసి సన్నని మంట మీద కొద్ది నిమిషాలు ఉంచు. చల్లారాక నూనె వంపేసి కాగితంతో అద్దు. అదీ మొదటి రోజు పని.

మూడు గుడ్లకు మొదట్లో నలభై అయిదు మిల్లీలీటర్ల దాషి చాలు. తొంభై దాకా పోస్తారు కానీ, చేయి తిరిగాక పెంచుకో. ఎండు చేప వద్దనుకుంటే కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రి చన్నీళ్లలో నానవెయ్యి. మీ పెదనాన్నకు నేను అలాగే చేసేదాన్ని. సోయా లేత రంగుది వాడు, అయితే అది ముదురు దానికన్నా ఉప్పగా ఉంటుంది, చూసి వెయ్యి. గుడ్లను నురగ వచ్చేలా గిలక్కొట్టకు. చాప్‌స్టిక్‌ల కొసలు గిన్నె అడుగుకు ఆనించి అటూ ఇటూ కోస్తున్నట్టు కదుపు.

పెనం మధ్యస్థంగా వేడెక్కాక నూనె అద్దిన కాగితం మూలమూలకూ రాయి. చాప్‌స్టిక్ కొసతో ఒక చుక్క గుడ్డు గీస్తే మెల్లగా చిటపటలాడాలి. గుడ్డులో మూడో వంతు పోసెయ్యి. అప్పుడు చూడు రాగి గొప్పతనం. ఇనుముకన్నా అయిదు రెట్లు వేడిని పాకిస్తుంది. మధ్యలో ఉడికినట్టే మూలల్లోనూ ఉడుకుతుంది, ఏ అంచూ పచ్చిగా మిగలదు. పైభాగం ఇంకా తడిగా ఉండగానే అవతలి వైపు నుంచి నీ వైపు చాప చుట్టినట్టు చుట్టుకురా. మొదటి చుట్ట చిరిగినా పట్టించుకోకు, అది లోపలికి పోతుంది. అవతలికి నెట్టి, మళ్లీ నూనె రాసి, మళ్లీ పోసి, చుట్టను కాస్త ఎత్తి దాని కిందికి గుడ్డు జారనివ్వు. వేడి ఎక్కువైందనిపిస్తే మీట తిప్పుతూ కూర్చోకు, పెనాన్నే పైకెత్తు. పక్కింటావిడ మణికట్టు అలా లేచి దిగుతుంటే పిచ్చుక వాలి ఎగిరినట్టుండేది.

అయిపోగానే వెంటనే పళ్లెంలోకి తీసెయ్యి, పెనంలో ఉంచకు. లోపల సబ్బు, ఇనప పీచు, అట్లకాడ ఏవీ తగలకూడదు. అంటుకుంటే వేడి నీళ్లు పోసి నాననిచ్చి మెత్తటి గుడ్డతో తుడిచి, కాస్త నూనె రాసి పెట్టు. కళాయి కొంత నల్లబడుతుంది, అది పాడవడం కాదు. మీ అమ్మ వచ్చినప్పుడు చింతపండు తీసుకుని తోమబోతుంది, ఆవిడ చేయి ఊరుకోదు. బయటి రాగికి మాత్రమే తోమనివ్వు, లోపలికి రానివ్వకు.

పక్కింటావిడ పెనం ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. నెలకొకసారైనా చుడతాను. మీ అన్నయ్య వస్తే ముందు అదే అడుగుతాడు. నా తర్వాత అది నీకే. కానీ నువ్వు కొనుక్కునేది కొత్తదే కొనుక్కో, నీ చేతి వేడి దానికి అలవాటు కావాలి.

పొయ్యి గ్యాసుదో కాదో ఇవాళే చూసి చెప్పు. ఆ కబురు వచ్చాకే మీ అమ్మతో మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ