పే స్లిప్ లేకపోయినా ఇల్లు అద్దెకి దొరుకుతుందండి

మీది సొంత పని, పే స్లిప్ లేదని ఇద్దరు ఓనర్లు కాదన్నారని రాశారు కదా. టెన్షన్ పడకండి. ఓనర్ చూసేది నెలనెలా అద్దె టైముకి వస్తుందా రాదా అనే. అందుకే ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, కిందటేడాది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, ఇప్పుడు నడుస్తున్న కాంట్రాక్టుల కాపీలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడే తీసుకెళ్లండి, అడిగాక వెతుక్కునే లోపు ఆ ఇల్లు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆదాయం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వస్తుంటే సగటు మీరే లెక్కేసి చూపించండి.

అన్నిటికంటే బాగా పనిచేసేది పాత ఓనర్ రాసిచ్చే ఉత్తరం. అద్దె సరిగ్గా కట్టారు, ఇల్లు శుభ్రంగా అప్పగించారు అని నాలుగు ముక్కలు చాలు. అదీ కుదరకపోతే స్థిరమైన జీతం ఉన్న దగ్గరివాళ్లని హామీ ఉండమని అడగండి, కాకపోతే మీరు కట్టకపోతే ఆ భారం వాళ్ల మీద పడుతుందని దయచేసి ముందే చెప్పండి.

ఆదాయం మాత్రం పెంచి రాయకండి, బయటపడితే ఖాళీ చేయమంటారు. ఇంకోటి, ఇల్లు కళ్లారా చూడకుండా, అగ్రిమెంట్ పూర్తిగా చదవకుండా టోకెన్ అడ్వాన్స్ పంపొద్దు, ఎంత తొందరపెట్టినా సరే. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు అడగండి.