అన్నయ్య దగ్గర ఆగిపోయిన ఆత్మకథ

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఆత్మకథ 180 పేజీలు రాసి, పూర్తవకముందే ప్రచురణకర్తకు చూపించాను. ‘మీ అన్నయ్యతో మాటల్లేని నాలుగేళ్లను రెండు పేరాల్లో దాటేశారు. అది రాయండి’ అన్నారు. రాస్తే అన్నయ్య మళ్లీ దూరమవుతాడేమో! మూడు నెలలుగా ఒక్క పేజీ కదల్లేదు.

జవాబు: ఆయన మాట గుచ్చుకున్నా, అందులో మీ రాత మీద గురి కనిపిస్తోంది. సగంలో ఉన్న రాతప్రతిలో అచ్చుతప్పులు ఎవరూ వెతకరు. గొంతు నిలకడగా ఉందా, కాలం ఎక్కడ గెంతింది, మిగతాది ఈ మనిషి పూర్తి చేయగలరా అనే చూస్తారు. 180 పేజీల్లో నాలుగేళ్లకు రెండు పేరాలంటే ఎవరి కన్నైనా అక్కడే ఆగుతుంది.

మీరు భయపడుతున్నది చూపించడానికి, రాయడానికి కాదు. అందుకే ఈ ఒక్క అధ్యాయం వేరే నోటుబుక్కులో, రోజుకు అరగంట చొప్పున రాయండి. ముక్కలుగా ప్రచురణకర్తకు పంపకండి. సగంలో వచ్చే అభిప్రాయం చేతిని మళ్లీ కట్టేస్తుంది.

పూర్తయ్యాక వారం ఆగి, మూడు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. కళ్లారా చూసినవాటికి ఒకటి, ఎవరో చెప్పినవాటికి ఒకటి, మీరు ఊహించుకున్నవాటికి ఒకటి. చిచ్చు పెట్టేవి ఎక్కువగా ఈ మూడో రంగు వాక్యాలే. ‘అన్నయ్యకు అసూయ’ అన్నది ఊహ. ‘నన్ను చూసి తలుపేసుకున్నాడు’ అన్నది చూసిన సంగతి. ఇలాంటిదే ఉంచండి. ఆ రోజు మీరన్న మాటలూ అంతే వివరంగా ఉన్నాయా? సాధారణంగా జారిపోయేవి అవే. వదిన జబ్బులు, పిల్లల అప్పులు మీ కథ కావు, తీసేయండి. పేర్లు మార్చినా బంధువులు ఇట్టే పట్టేస్తారు.

తర్వాత అన్నయ్యకు ఆయన పేజీలు మాత్రం అచ్చు తీసి ఇవ్వండి. ఫోన్లో చదివి వినిపించకండి, కోపం మొదటి వాక్యం దగ్గరే లేస్తుంది. ‘ఒప్పుకుంటావా’ అని కాకుండా ‘సంగతులేమైనా తప్పు రాశానా’ అని అడిగి, రెండు వారాలు ఇవ్వండి. ఆయన జ్ఞాపకం వేరుగా ఉంటే రెండూ పక్కపక్కనే ఉంచండి, అధ్యాయానికి బలం వస్తుంది.

ఒప్పందం మీద సంతకం అప్పటిదాకా వద్దు. పరువునష్టం దావా పడితే బాధ్యత రచయితదే అన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, దాన్ని న్యాయవాదికి చూపించండి. మూడు నెలల గడువు కావాలనీ, ఈలోగా రాతప్రతి ఇంకెవరికీ ఇవ్వవద్దనీ ప్రచురణకర్తకు ఈ వారమే రాతపూర్వకంగా చెప్పండి.