అమెరికా ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టుకు దూరంగా ఉంచితే

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఏరోస్పేస్ పీహెచ్‌డీలో చేరింది. ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టు మీటింగులకు తనను పిలవడం లేదట. ఇంకో ప్రాజెక్టుకేమో ‘టెక్నాలజీ కంట్రోల్ ప్లాన్’ మీద సంతకం పెట్టమంటున్నారు. ఇది వివక్షా? వీసాకేమైనా ఇబ్బందా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. మీ అమ్మాయి మీద అనుమానంతో ఇలా చేస్తున్నారని అనుకోకండి. కొన్ని రకాల సాంకేతిక సమాచారం విదేశీయుల చేతికి వెళ్లాలంటే అక్కడ ముందుగా ప్రభుత్వ లైసెన్సు కావాలి. ల్యాబ్‌లోనే కూర్చోబెట్టి డ్రాయింగు చూపించినా, సోర్స్ కోడ్ ఇచ్చినా ఆ విద్యార్థి దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. దీన్ని డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ అంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు.

ప్రొఫెసర్లు భయపడటానికి కారణం ఉంది. టెన్నెసీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ రీస్ రాత్, వైమానిక దళం డ్రోన్ల కోసం ఇచ్చిన ప్లాస్మా ప్రాజెక్టు సమాచారాన్ని చైనా, ఇరాన్ విద్యార్థులకు అందనిచ్చారు. 2008లో దోషిగా తేలారు, 2009లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

నాకు వీసా కన్నా థీసిస్ గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. ఫలితాలను అందరికీ తెలిసేలా ప్రచురించే పరిశోధనకు సాధారణంగా ఈ ఆంక్షలు ఉండవు. 1985లో రీగన్ ప్రభుత్వం తెచ్చిన విధానం నుంచీ ఇదే పద్ధతి. కానీ నిధులిచ్చే సంస్థ ‘మా అనుమతి లేకుండా ప్రచురించొద్దు’, ‘విదేశీయులను పెట్టుకోవద్దు’ అని షరతు పెడితే ఆ మినహాయింపు పోయినట్టే. అలాంటి పని మీద థీసిస్ కట్టుకుంటే, నాలుగేళ్లు కష్టపడ్డాక చేతిలో పేపర్లు ఉండకపోవచ్చు. ఉద్యోగాల వేటలో అది పెద్ద దెబ్బ. అందుకే ‘నా థీసిస్ మొత్తం స్వేచ్ఛగా ప్రచురించుకోవచ్చా?’ అని గైడ్‌ను ఈమెయిల్‌లో అడగమనండి. జవాబు రాతపూర్వకంగా ఉండాలి.

ఇక సంతకం పెట్టమంటున్న ఆ ‘టెక్నాలజీ కంట్రోల్ ప్లాన్’లో ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో ఉంచాలి, గదిలోకి ఎవరు రావచ్చు వంటి నిబంధనలు ఉంటాయి. మన పిల్లలు చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు, దయచేసి అలా చేయనివ్వకండి. సందేహాలుంటే యూనివర్సిటీలో ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ చూసే ఆఫీసును అడగొచ్చు. సంతకం పెట్టినంత మాత్రాన ఎఫ్-1 వీసాకు ఏమీ కాదు, దాన్ని ఉల్లంఘిస్తేనే ప్రమాదం. సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఫైళ్లున్న ల్యాప్‌టాప్ తేకూడదు. ఇక్కడి స్నేహితులకు వాట్సాప్‌లో ఒక్క ఫొటో పంపినా ఎగుమతే.

గైడ్ నుంచి స్పష్టమైన జవాబు రాకపోతే మొదటి ఏడాదిలోనే ప్రాజెక్టు మార్చుకోమని చెప్పండి. తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.