పొలం తాకట్టు పెట్టి పంపాక ‘ముందు మా వాళ్ళకే’ అంటే?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేశాడు. హైదరాబాద్ కంపెనీలో ఏడాదికి 4.5 లక్షల ఉద్యోగం వచ్చింది. అమెరికాలో ఎంఎస్ డేటా సైన్స్ సీటు కూడా వచ్చింది. మొత్తం 45 లక్షల ఖర్చు. రెండెకరాల పొలం తాకట్టు పెడతాను. కానీ ఇప్పుడు ఏ దేశం చూసినా నిరుద్యోగం పేరు చెప్పి ముందు తమ వాళ్ళకే ఉద్యోగాలు అంటోంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఏది సురక్షితమో పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: నమస్కారం. మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాను. పూర్తి ఉత్తరంలో పొలం మాట నాలుగుసార్లు, మీ బావమరిది కొడుకు మాట మూడుసార్లు వచ్చింది. మీ అబ్బాయికి ఏమి ఇష్టమో ఒక్కసారి కూడా రాలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు మీ కోపం. ‘మన పిల్లల ఫీజులు కావాలి గానీ మన పిల్లలు వద్దా’ అని అడిగారు. అందులో న్యాయం లేకపోలేదు. అయితే ఈ గొడవ మనకు కొత్తదా చెప్పండి. నిజాం 1919లోనే ఉద్యోగాలు ముందు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలకు ఫర్మానా ఇచ్చాడు. బయటివాళ్ళకు ఉద్యోగాలు పోతున్నాయని 1952లో హైదరాబాద్ విద్యార్థులు వీధికెక్కితే కాల్పుల్లో ప్రాణాలే పోయాయి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, లోకల్, నాన్‌లోకల్ లెక్కలు అన్నీ ఆ తోవలో వచ్చినవే. మీ అబ్బాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ అనిపించుకున్నప్పుడు మీరు సంతోషించే ఉంటారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేస్తే మీరేమీ బాధపడి ఉండరు. పని తక్కువై చేతులు ఎక్కువైనప్పుడు ఏ ఊరైనా ముందు తన ఇంటివాళ్ళను చూసుకుంటుంది. అలా చూసుకోని దేశం ఎక్కడుందని నన్ను అడగకండి, నేనూ వెతికి మానేశాను.

ఈ ‘ముందు మా వాళ్ళకే’ అనేది టీవీలో కనిపించేది ఒక తీరు, జరిగేది ఇంకో తీరు. 2008 ఏప్రిల్‌లో అమెరికా హెచ్-1బి (విదేశీయులకు కంపెనీలు తెప్పించే ఉద్యోగ వీసా) దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టిన వారంలోపే లక్షన్నరకు పైగా వచ్చి పడ్డాయి. అప్పుడూ ఇప్పుడూ కోటా ఒకటే: మామూలుగా 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. ఏడాది తిరిగేసరికి మాంద్యం. 2009 అక్టోబరులో అక్కడి నిరుద్యోగం 10 శాతానికి ఎక్కింది. ఆ ఏడాది అదే కోటా నిండడానికి డిసెంబరు 21 దాకా పట్టింది. వీసాలు ఉన్నాయి, పిలిచే కంపెనీలే లేవు. ప్రభుత్వం తలుపు వేసేలోపే యజమాని దీపం ఆర్పేస్తాడన్నమాట.

ఆ ఏడాది నాకూ ఒక పాఠం. 2007లో ఒక కుర్రవాడిని కళ్ళు మూసుకుని వెళ్ళమన్నాను. చదువు ముగియకముందే ఒక పెద్ద బ్యాంకు ఉద్యోగం ఖాయం చేసింది. ఈలోగా 2009 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. ప్రభుత్వ సాయం తీసుకున్న బ్యాంకులు హెచ్-1బి మీద ఎవరినైనా తీసుకోవాలంటే ముందు స్థానికుల కోసం నిజాయితీగా వెతికామని, వాళ్ళను తొలగించలేదని చూపించాలి. ఆ తలనొప్పి ఎందుకని బ్యాంకు ఉద్యోగం వెనక్కి తీసుకుంది. అబ్బాయి తిరిగి వచ్చేశాడు. వాడు ఆరు నెలల్లో తేరుకున్నాడు. వాళ్ళ నాన్నగారు మాత్రం ఏడాదిపాటు బంధువుల పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ కుర్రవాడు కాదు, ఆ తండ్రి.

2020లో కోవిడ్ వచ్చి అక్కడి నిరుద్యోగం 14 శాతం దాటినప్పుడు, హెచ్-1బి మీద బయటి నుంచి కొత్తగా రావడాన్నే జూన్‌లో ఆపేశారు. 2021 మార్చి 31తో ఆ గడువు తీరింది, ఎవరూ పొడిగించలేదు. అప్పటికే అక్కడ చదువు ముగించి ఓపీటీ (చదువు తరువాత విద్యార్థి హోదాలోనే పనిచేసే అనుమతి) మీద ఉన్నవారికి ఆ ఉత్తర్వు నేరుగా తగల్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. లోపల ఉన్నవాడికి, బయట ఉన్నవాడికి దెబ్బ ఒకే తీరున తగలదు. 2025 సెప్టెంబరులో హెచ్-1బి మీద వచ్చిన లక్ష డాలర్ల రుసుము కూడా అంతే. అక్కడే చదివి, అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని అక్కడి వలస శాఖ మరుసటి నెలలోనే వివరించింది. మీకు నిద్ర లేకుండా చేసిన వార్త మీ అబ్బాయి సంగతిలో అంత పెద్దది కాదు.

మీరు పట్టించుకోని వార్త పెద్దది. కోటాకు మించి దరఖాస్తులు వచ్చినప్పుడు హెచ్-1బికి పేర్లు తీసే లాటరీ పద్ధతి మారింది. ఇదివరకు అందరి పేరూ ఒక్కసారే వేసేవారు. 2026 నుంచి యజమాని ఇచ్చే జీతం నాలుగు స్థాయిల్లో అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయిలో ఉంటే పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయిలో ఉంటే ఒక్కసారి పడుతుంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడి జీతం సాధారణంగా మొదటి స్థాయిలోనో రెండో స్థాయిలోనో ఉంటుంది. స్థానికులకు ప్రాధాన్యం అన్న మాట ఎక్కడా రాయకుండానే, మీ స్థాయి పని మా పిల్లలు కూడా చేయగలరు కదా అని చెప్పే పద్ధతి ఇది.

ఇక్కడే డేటా సైన్స్ దగ్గర ఆగాలి. ఈ కోర్సు మీద నాకున్న అనుమానాలు కొందరు కన్సల్టెన్సీ మిత్రులకు నచ్చవు, పర్వాలేదు. పదేళ్ళ కిందట ఈ పేరుతో మాస్టర్స్ ఇచ్చే విశ్వవిద్యాలయాలు కొన్నే. ఇప్పుడు వ్యాపార శాస్త్రం చెప్పే కాలేజీ నుంచి ఎక్కడో మూలనున్న చిన్న విశ్వవిద్యాలయం దాకా అందరి బోర్డు మీదా అదే పేరు. కొన్నిచోట్ల గణాంక శాస్త్రం గట్టిగా చెబుతారు, కాదనను. చాలాచోట్ల మాత్రం రెండు ప్రోగ్రామింగ్ కోర్సులు, ఒక చివరి ప్రాజెక్టు, అంతే. నా దగ్గరికి వచ్చే పిల్లల రెజ్యూమెలు పక్కపక్కన పెడితే పేరు తప్ప తేడా కనిపించదు. ప్రాజెక్టులో అందరూ ఇళ్ళ ధరలే అంచనా వేసి ఉంటారు. ఒక యజమాని వీసా కాగితాల ఖర్చు భరించి, వకీలుకు డబ్బు కట్టి, గ్రీన్ కార్డు దశలో ప్రకటన ఇచ్చి మరీ, ఆ పనికి తగిన స్థానికుడు దొరకలేదని నిరూపించడానికి సిద్ధపడాలంటే ఆ కుర్రవాడిలో పక్కవాడికి లేనిది ఏదో ఉండాలి. అక్కడి స్థానికుల పరిస్థితి కూడా చూడండి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన లెక్కల్లో కొత్తగా పట్టా పుచ్చుకున్న కంప్యూటర్ సైన్స్ వాళ్ళలో నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజినీరింగ్ వాళ్ళలో 7.5 శాతం. సివిల్ ఇంజినీరింగ్ వాళ్ళలో సుమారు 1 శాతమే. మనవాళ్ళు సీఎస్‌ఈ సీటు రాలేదని ఏడ్చి చేరే బ్రాంచి అది! సొంత పిల్లలే ఖాళీగా ఉన్న చోట మన పిల్లవాడిని మొదట ఎందుకు పిలవాలి? ఇది ద్వేషం కాదు, మీరు దుకాణం పెట్టినా అలాగే ఆలోచిస్తారు.

ఉద్యోగం దొరకనప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. ఓపీటీ మొదటి ఏడాదిలో పని లేకుండా ఉండగలిగేది 90 రోజులే. ఎనభయ్యో రోజున ఎవరో ఫోను చేసి, లేని అనుభవం ఉన్నట్టు రాసి పెడతామని, డే వన్ సీపీటీ, అంటే చేరిన మొదటి రోజు నుంచే పనిచేసుకునే అనుమతి, ఇచ్చే కాలేజీ చూపిస్తామని అంటారు. ఆ ఫోను తెలుగులోనే వస్తుంది. 2011లో కాలిఫోర్నియాలో అలాంటిదే అయిన ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన పిల్లల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ అయితే విశ్వవిద్యాలయమే కాదు, అక్కడి అధికారులు వల వేయడానికి తగిలించిన బోర్డు. ఆ వలలో ఎక్కువగా చిక్కింది మన తెలుగు పిల్లలే. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనుకోను. ఇంటి దగ్గర తాకట్టులో ఉన్న పొలం గుర్తొచ్చి, ఆ ఫోను పెట్టేయలేకపోయినవాళ్ళు అందులో ఎంతోమంది ఉండి ఉంటారు.

అందుకే దేశం కన్నా ముందు అప్పు గురించి మాట్లాడుకుందాం. 45 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకు సుమారు 62 వేలు కట్టాలి. చదివే కాలంలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. చేతికి ఉద్యోగం రాక మీ అబ్బాయి తిరిగి వచ్చి హైదరాబాద్‌లో నెలకు 70 వేలు తెచ్చుకుంటే, గది అద్దె, తిండి పోను మిగిలేది వాయిదాకు సరిపోదు. అదే అప్పు 20 లక్షలైతే వాయిదా 28 వేల లోపే. ఇబ్బంది పడతాడు గానీ మునిగిపోడు. తిరిగి వచ్చి కూడా తీర్చగలిగినంత అప్పే చేయండి. పొలం మీ పేరున ఉంది కాబట్టి ఇది మీ ఇష్టమని రాశారు. పొలం మీది, వాయిదా వాడిది. ఇరవై మూడేళ్ళ పిల్లవాడి భుజం మీద 62 వేలు పెట్టి, పైగా బావమరిది కొడుకును చూపించి, ఆ తరువాత వాడు ధైర్యంగా లేడని నాకు రాయడం ఏం న్యాయమండీ?

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కెనడాలో ఈ ప్రాధాన్యం నిరుద్యోగంతోనే ముడిపడి ఉంది. 2024 సెప్టెంబరు నుంచి, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకు మించిన పెద్ద నగరాల్లో తక్కువ జీతం పనులకు విదేశీయులను తెచ్చుకునే అనుమతి దరఖాస్తులను చాలావరకు తీసుకోవడం లేదు. టొరంటో ఆ జాబితాలో ఉంటూ వచ్చింది. చదువు తరువాత వచ్చే పర్మిట్‌కు ఈ అడ్డు లేదు గానీ, అక్కడే స్థిరపడేందుకు ఉద్యోగ పత్రం ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చిలో తీసేశారు. బ్రిటన్ ఒకప్పుడు ఉద్యోగాన్ని 28 రోజులు స్థానికుల కోసం ప్రకటించాకే బయటివారికి ఇమ్మనేది. 2020 డిసెంబరులో ఆ పద్ధతి ఎత్తేసి, ఆ పనిని కనీస జీతం అనే గీతకు అప్పగించింది. 2025 జులై నుంచి ఆ గీత సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవారికి కొంత తక్కువ. చదువు తరువాత ఉండే గడువు కూడా రెండేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గుతోంది, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి. మీ అబ్బాయి చదువుకు మూడింటిలో నా ఓటు ఇప్పటికీ అమెరికాకే, ఎందుకంటే ఓపీటీ, పొడిగింపు కలిపి మూడేళ్ళు దొరుకుతాయి, మాంద్యం వచ్చినా దాటడానికి కొంత సమయం ఉంటుంది. సురక్షితం అన్న మాట మాత్రం దేనికీ వాడను.

మీకు అసలు భయం దేశాల గురించి కాదని నాకు తెలుసు. వాడు తిరిగి వస్తే ఊళ్ళో ఏమనుకుంటారన్నది మీ భయం. తిరిగి వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూశాను. 2009 నాటి ఆ కుర్రవాడు ఇప్పుడు హైదరాబాద్‌లో నలభై మంది బృందాన్ని నడుపుతున్నాడు. తిరిగి రావడం వల్ల జీవితం పాడైనవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. అప్పు వల్ల పాడైనవాళ్ళు ఉన్నారు, తండ్రి మాట్లాడటం మానేసినందువల్ల పాడైనవాళ్ళు ఉన్నారు. చేతిలో ఉద్యోగమున్న పిల్లవాడి తండ్రి ఇంత దిగులు పడటం చూస్తే నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది, క్షమించండి.

నన్నడిగితే ఇప్పుడు హైదరాబాద్ ఉద్యోగంలో చేరమంటాను. రెండేళ్ళ అనుభవం, చేతిలో కొంత సొమ్ము ఉంటే అప్పు తగ్గుతుంది, అక్కడ మొదటి స్థాయి జీతం దగ్గరే ఆగిపోకుండా ఉండే అవకాశమూ పెరుగుతుంది. కోర్సు పేరు కాకుండా, తను నిజంగా చేసిన పనిని బట్టి ఏమి చదవాలో అప్పటికి వాడికే తెలుస్తుంది. ఈలోగా నిబంధనలు మళ్ళీ మారవచ్చు, ఏ దిక్కుకైనా. కాదు, ఇప్పుడే వెళ్ళాలని వాడికి గట్టిగా ఉంటే 20 లక్షల లోపు అయ్యే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వెతకమనండి, పేరు చిన్నదైనా సరే. ఉన్న సీటును కొన్ని విశ్వవిద్యాలయాలు ఏడాది వాయిదా వేస్తాయి, అడిగితే పోయేదేమీ లేదు. ఆ మెయిలు మీ అబ్బాయినే రాయనివ్వండి. మీరు కన్సల్టెన్సీకి ఫోను చేయకండి.